రాజిరెడ్డి మాట్లాడని సమావేశం

2022 నవంబర్ 14, సోమవారం, ఉదయం పదకొండు గంటలు. కరీంనగర్ శివార్లలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ. హాజరు: యజమాని రాజిరెడ్డి, ప్రొడక్షన్ మేనేజర్ మహేందర్, ఎగుమతులు చూసే స్వరూప, క్రేన్ సూపర్‌వైజర్ సత్తయ్య, నేను.

ముప్పై ఏళ్లు విదేశాల్లో ఒక యంత్రాల కంపెనీలో పనిచేసి, ఆసియా విభాగం అధిపతిగా రిటైరయ్యాక ఎగ్జిక్యూటివ్ కోచింగ్ చేపట్టాను. ఇది పాఠాలు చెప్పే పని కాదు. యజమాని పనిచేస్తుంటే పక్కన కూర్చుని చూస్తాం. తన తీరు ఆయనకే కనపడేలా ప్రశ్నలు వేస్తాం.

రాజిరెడ్డి దగ్గర మంచి పనివాళ్లు నిలవడం లేదు. పందొమ్మిదేళ్ల నుంచి ఉన్న సత్తయ్య కూడా రాజీనామా ఇచ్చాడు. శనివారం ఆఖరి రోజు. కారణం మాత్రం చెప్పడు. నెల రోజులు ఆఫీసులో కూర్చుని చూస్తే నాకు అర్థమైంది ఒక్కటే: ఎవరిని ఏమడిగినా జవాబు రాజిరెడ్డే చెబుతాడు. అందుకే నియమం పెట్టాను. ఈ గంటసేపు ఆయన నోరు విప్పకూడదు. అంతకంటే సులువైన పని నేనింకేం ఇవ్వగలను?

ఆయన నిజంగానే విప్పలేదు. మహేందర్ సాఫీగా మాట్లాడాడు, స్వరూప అంతకంటే సాఫీగా. నేను డైరీలో 'మంచి పురోగతి' అని రాసి కింద గీత కూడా గీశాను. సత్తయ్య ఇంటి పనుల వల్ల మానేస్తున్నానన్నాడు. ఏం పనులని అడిగాను.

అతను యజమాని వైపు చూసి, "గదైతే సార్ నాకు చెప్పలే" అన్నాడు.

స్వరూప ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది. తొమ్మిదింటికే రాజిరెడ్డి ఒక్కొక్కరినీ పిలిచి ఏం చెప్పాలో నేర్పి పంపాడని ఆమే చెప్పింది.

"మీటింగ్ల మాట్లాడొద్దన్నరు గద సార్. గందుకే ముందుగాల్నే మాట్లాడిన," అన్నాడాయన. "వీళ్లు మీ ముంగట ఏమన్న అంటే నా ఇజ్జత్ పోదా?"

"మరి ఇంతసేపూ నేను ఎవరి మాటలు విన్నట్టు?"

"నాయే. ఫ్యాక్టరీ నాది గద సార్."

డైరీలో రాసింది కొట్టేశాను.

మరునాడు ఏడున్నరకు, ఎవరికీ ముందుగా చెప్పకుండా, రాజిరెడ్డిని వెంటబెట్టుకుని యార్డులోకి వెళ్లాను. ఎందుకు మానేస్తున్నావని సత్తయ్యను క్రేన్ కిందే అడిగాను. అతను క్రేన్ ఇనుప తాడును పట్టుకుని తిప్పి చూపించాడు. పోగులు తెగి ముళ్లలా లేచి ఉన్నాయి. లారీకి సరిపడా రాయి ఆ తాడుకే వేలాడుతుంది. కింద మనుషులుంటారు.

"ముందే చెప్పొద్దా సత్తయ్యా?" అన్నాడు రాజిరెడ్డి.

"మూడు సార్లు చెప్పిన పటేలా. గీ నెల ఎల్లనియ్యి అంటిరి. రేపు ఎవడన్న సస్తే, లేపుమని ఈల ఊదింది నేనే అయిత."

రాజిరెడ్డి అప్పటికప్పుడు క్రేన్ ఆపించాడు. రాజీనామా వాపస్ తీసుకోమని అడిగాడు.

"కొత్త తాడు కట్టిపిచ్చి పోత" అన్నాడు సత్తయ్య.

ఆ నెల రోజుల్లో నేను యార్డులో అడుగుపెట్టింది అదే మొదటిసారి. తర్వాత ఏ సంస్థకు వెళ్లినా మొదటి వారం పని జరిగే చోటే కూర్చున్నాను.