కొలాచీల రూలు

ఎల్మర్ కుబిచెక్ రోజుకి వంద మాటలు మాట్లాడితే అందులో యాభై "రూలొప్పుకోదు" అనే మాటే. మిగతా యాభై ఆ రూలు ఏ పేజీలో ఉందో చెప్పడానికి ఖర్చయిపోయేవి. ముప్ఫయ్యేళ్లు అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేశాడు. పెట్రోలు బంకుల మీద, ధాన్యం కాటాల మీద సీలు వేసీ వేసీ, రిటైరయ్యాక సీలు వెయ్యడానికి ఏమీ మిగలక, మనవరాలి మీద పడ్డాడు. కనీసం కూతురు జోలీన్ అలాగే అనుకునేది.

మనవరాలు బ్రెన్నాకి పదహారు నిండబోతున్నాయి. ఆరడుగుల పిల్ల. వాలీబాల్‌లో స్మాష్ కొడితే అవతలివాళ్లు బంతిని వదిలేసి ముందు తమ ముక్కు ఉందో లేదో చూసుకునేవారు. అలాంటి పిల్లని కాలేజీ కోచ్‌లు వదులుతారా? కానీ కాలేజీ క్రీడల సంఘం రూలు ఒకటుంది. పదో తరగతి అయిన ఏడాది జూన్ పదిహేను దాకా కోచ్ అనేవాడు పిల్లతో గానీ, ఇంటివాళ్లతో గానీ మాట్లాడకూడదు. ఆట చూసుకోవచ్చు. ఎదురుపడితే పలకరించవచ్చు. అంతే, ఆపైన పెదవి కదపకూడదు. లోకంలో ఈ రూలుని కోచ్‌లు పాటించేవారు, కొందరు పాటించినట్టు నటించేవారు. ఎల్మర్ మాత్రం కాపలా కాసేవాడు.

కాపలా అంటే మాటవరసకి కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న వంటింటి టైమరు ఒకటి జేబులో వేసుకుని ప్రతి టోర్నమెంటుకీ వచ్చేవాడు. ఒకసారి ఓ చిన్న కాలేజీ కోచ్ నాడీన్ పోల్ ఎదురుపడి, మర్యాదకి నవ్వింది.

"హలో అండీ! ఇవాళ ఎండ బాగా..."

ఎల్మర్ టైమరు తిప్పేశాడు. "హలో వరకే పలకరింపు. ఎండ పలకరింపు కాదు, అది సంభాషణ. రూలొప్పుకోదు."

"ఎండ గురించి కూడానా అండీ?"

"ఇవాళ ఎండ అంటారు. రేపు మా కాలేజీలో ఎండ ఇంకా బావుంటుంది అంటారు. నాకు తెలీదా?"

పాపం నాడీన్ మూతి బిగించుకుని వెళ్లి, మూడు ఆటలూ నోరు విప్పకుండా చూసి వెళ్లిపోయింది. జోలీన్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంకోసారి ఎల్మర్ ఇంట్లో వాషింగ్ మెషీను పాడైంది. బాగుచెయ్యడానికి వచ్చినవాడు ఆరడుగుల రెండంగుళాలున్నాడు, పైగా పెద్ద యూనివర్సిటీ ఎర్ర స్వెట్టరు వేసుకున్నాడు. నెబ్రాస్కాలో పుట్టిన పిల్లాడికి పేరు పెట్టకముందే ఆ స్వెట్టరు తొడుగుతారని ఎల్మర్‌కి తెలియనిది కాదు. అయినా తలుపు గొళ్లెం తియ్యలేదు.

"ఎవరు పంపారు నిన్ను?"

"మీ అమ్మాయిగారే ఫోన్ చేశారండీ. మెషీను కారుతోందని!"

"ఆ ఎత్తేమిటి, ఆ స్వెట్టరేమిటి, నువ్వు మెకానిక్కువంటే ఎవరు నమ్ముతారు? పానా చూపించు."

వాడు కిటికీలోంచి పానాలు ఒక్కొక్కటే చూపిస్తూ ఉంటే, ఎల్మర్ ఒక్కొక్కదాని కొలత అడుగుతూ ఉంటే, బ్రెన్నాని వెనక గుమ్మంలోంచి పక్కింటికి పంపేసేసరికి లోపల చీలమండల దాకా నీళ్లు. మెషీను పక్క అరల్లో ఏడాదికొకటి చొప్పున పేర్చిన రూళ్ల పుస్తకాలుండేవి. కింది వరసలో రెండు తడిసి పూరీల్లా ఉబ్బాయి. ఎల్మర్ బాధపడింది వాటికే. నేల చెక్కలు పాడైనందుకు జోలీన్ బాధపడింది.

చర్చి విందులో అయితే మరీ అన్యాయం. నాడీన్ మేనత్తది ఆ ఊరే, అందుకని ఆవిడా వచ్చింది. బంగాళాదుంపల్లో ఉప్పు తగ్గింది. ఉప్పు సీసా ఎల్మర్ ముందుంది.

"ఫాదర్, ఆ ఉప్పు కాస్త ఇటు ఇప్పిస్తారా?" అంది నాడీన్, తెలివిగా ఎల్మర్ వైపు చూడకుండా.

ఎల్మర్ సీసా మీద చెయ్యి పెట్టాడు. "మూడో మనిషి ద్వారా సంప్రదించడం కూడా రూలొప్పుకోదు."

"తాతా! ఉప్పుకి కూడానా?" అంది బ్రెన్నా.

"నువ్వు మాట్లాడకు చిట్టీ. నువ్వు మాట్లాడితే అది ఇంకో పేజీ."

నాడీన్ చప్పిడి దుంపలే తిని వెళ్లింది. అన్నిటికన్నా ముఖ్యం కొలాచీల డబ్బా. కొలాచీ అంటే నడుమ గసగసాల ముద్ద పెట్టి కాల్చే మెత్తటి రొట్టె. ఆ ఊళ్లో చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఇళ్లన్నిటిలో చేస్తారు గానీ ఎల్మర్ చేతిలో ఉన్న మహిమ వేరు. టోర్నమెంటుకి డబ్బా నిండా తెచ్చి అందరికీ పెట్టేవాడు. కోచ్ అనే మనిషి పది గజాల్లోకి వస్తే మాత్రం డబ్బా మూత ఠక్కున పడేది.

ఆ చప్పుడు విన్నప్పుడల్లా జోలీన్‌కి ఒళ్లు మండేది. దానికో కథ ఉంది. ఇరవయ్యారేళ్ల కిందట తనూ ఇలాగే ఆడేది. పెద్ద యూనివర్సిటీ కోచ్ ఒకాయన ఇంటికే వచ్చి, వంటింట్లో కూచుని, ఎల్మర్ పోసిన కాఫీ తాగి, "మీ అమ్మాయికి సీటు ఖాయం" అని చేతిలో చెయ్యేసి వెళ్లాడు. ఆ శీతాకాలం జోలీన్ మోకాలు దెబ్బతింది. మంచం మీద కాలు ఎత్తి పెట్టుకుని ఉండగా తండ్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ సీటు పోయిందమ్మా. తప్పు నాదే. ఆయన వెళ్లేటప్పుడు డజను కొలాచీలు కట్టి ఇచ్చాను. కోచ్‌కి ఇంటివాళ్లు తిండి కట్టి ఇవ్వకూడదట. ఆ సంగతి నేనే ఉత్తరం రాసి ఒప్పుకున్నాను. రూలు రూలే."

డజను రొట్టెలకి జీవితం పోయింది! జోలీన్ నాలుగు నెలలు తండ్రితో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది, పెళ్లి చేసుకుంది, పిల్లని కంది, పక్క వీధిలోనే ఇల్లు కట్టుకుంది. కొలాచీ మాత్రం మళ్లీ ముట్టలేదు.

అలాంటి మనిషికి మే నెల ఆఖర్న ఒక శనివారం, ఒమాహా టోర్నమెంటులో, బ్రెన్నా క్లబ్బు యజమాని ట్రెంట్ మ్యాడక్స్ చెవిలో ఊదాడు.

"జోలీన్ గారూ, పెద్ద యూనివర్సిటీ కోచ్ స్ట్రిక్ గారు బ్రెన్నా మీద మనసు పడ్డారు. పూర్తి స్కాలర్‌షిప్పు. ఆయన మీతో మాట్లాడకూడదు కాబట్టి నేను చెప్తున్నాను. రేపు సాయంత్రం ఆరింటిలోపు సరే అనండి చాలు. కాగితం లేదు, ఫోను లేదు. లేదంటే ఆ సీటు ఇంకో పిల్లకి వెళ్లిపోతుంది."

సరే అనే మాట జోలీన్ నోటిదాకా వచ్చింది. తను పోగొట్టుకున్నదే మళ్లీ గుమ్మంలోకి వచ్చి నిలబడితే ఎవరు కాదంటారు? ఇంతలో వెనక మూత పడిన చప్పుడైంది.

"మూడో మనిషి," అన్నాడు ఎల్మర్. "రూలొప్పుకోదు."

"పెద్దాయనా, మీ రూలు పట్టుకుని కూచుంటే పిల్ల బతుకు పాడవుతుంది. అందరూ ఇలాగే చేస్తారు."

"అందరూ కాటా కింద వేలు పెడితే నేను అందరి వేళ్లూ తీయించాను. ఇరవై రోజులు ఆగలేనివాడు నాలుగేళ్లు నా మనవరాల్ని ఏం చూస్తాడు? ఆయన్ని జూన్ పదిహేనున ఫోన్ చెయ్యమను. నంబరు మారదు. నేనూ మారను."

ట్రెంట్ ఎర్రబడి వెళ్లిపోయాడు. కారులో ఇంటిదాకా జోలీన్ పళ్లు కొరుకుతూనే ఉంది. ఇంటికొచ్చాక బద్దలైంది.

"నన్ను ముంచింది చాలదా నాన్నా? దీన్నీ ముంచుతావా? నీ రూలు అన్నం పెడుతుందా?"

"నువ్వేమైనా అను. నేను మాత్రం ఒప్పుకోను," అన్నాడు ఎల్మర్. తన ఇంటికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎల్మర్ ఇంకా చర్చి నుంచి రాకముందే జోలీన్ తండ్రి ఇంటికి వెళ్లింది. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి. రూళ్ల పుస్తకంలోంచే ఏదో ఒక మినహాయింపు పట్టుకుని ఆయన ముఖాన కొట్టాలి. మెషీను పక్క అరల్లోంచి పుస్తకాలన్నీ దించి నేల మీద పరుచుకుని కూచుంది. మినహాయింపులు వెతుకుతూ వెతుకుతూ, పాత కచ్చ గుర్తొచ్చి, అన్నిటికన్నా పాతది తీసింది. తన సీటు ఊడగొట్టిన రూలుని ఒక్కసారి కళ్లారా చూద్దామనుకుంది.

కోచ్ ఎప్పుడు రావచ్చో ఉంది. ఎన్నిసార్లు ఫోన్ చెయ్యొచ్చో ఉంది. కోచ్ పిల్లకి ఏం ఇవ్వకూడదో మూడు పేజీలుంది. పిల్ల తండ్రి కోచ్‌కి రొట్టెలు కట్టి ఇవ్వకూడదని ఎక్కడా లేదు. తర్వాతి ఏడాది పుస్తకంలో లేదు. ఉబ్బిన రెండింట్లోనూ పేజీలు ఊడదీసి చూసింది, లేదు. మళ్లీ మొదటిది తీసి అట్ట తిరగేసింది. ఎల్మర్ చేతికొచ్చిన ప్రతిదాని మీదా ఆఫీసు సీలు తేదీతో సహా గుద్దేవాడు, దీని మీదా గుద్దాడు. ఆ తేదీ, తండ్రి గుమ్మంలో నిలబడి రూలు చెప్పిన రోజుకి వారం తర్వాతిది.

సాయంత్రం ఎల్మర్ లోపలికొచ్చేసరికి కూతురు పుస్తకాల మధ్య బాసింపట్టు వేసుకుని ఉంది.

"నాన్నా, కొలాచీల రూలు ఏ పేజీలో ఉంది?"

"ఏ సంవత్సరంది?"

"ఏ సంవత్సరందైనా సరే."

ఎల్మర్ జేబులోంచి టైమరు తీసి అటూ ఇటూ తిప్పాడు. "పుస్తకాలు తడిశాయి కదమ్మా. ఆ పేజీ అంటుకుపోయి ఉంటుంది."

"ఊడదీశాను."

జీవితంలో మొదటిసారి ఎల్మర్ కుబిచెక్ దగ్గర పేజీ నంబరు లేదు. టోపీ తీసి మెషీను మీద పెట్టాడు.

"నీ మోకాలు పోయిన మూడో రోజున ఆ కోచ్ ఫోన్ చేశాడు. మాకింక మీ పిల్ల అక్కర్లేదు అన్నాడు. నిమిషం కూడా పట్టలేదు. ఆ మాట నీకెలా చెప్పను? పదహారేళ్లదానివి. ఏడుపు ఎలాగూ వస్తుంది, కోపం తెచ్చుకోవడానికైనా ఓ మనిషి కావాలి కదా. నేను ఖాళీగానే ఉన్నాను."

"అందుకని కొలాచీలా?"

"అప్పుడు చేతికి పిండి ఉంది. అదే తట్టింది."

జోలీన్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు రావాలో తేల్చుకోలేక రెండూ ముక్కులోంచి వచ్చాయి.

"మరి ఈ పుస్తకాలన్నీ ఎందుకు నాన్నా?"

"నువ్వు ఎప్పుడైనా ఏ రూలని అడుగుతావేమోనని ఒకటి తెప్పించాను. నాలుగొందల పేజీలు చదివాను, నా అబద్ధానికి సరిపోయే రూలు ఒక్కటీ దొరకలేదు. కానీ మిగతావన్నీ చదివాక తెలిసింది, అవన్నీ మనలాంటి ఇళ్ల కోసం రాసినవేనని. కాటా మీద సీలు ఎవరి కోసం? కొనేవాడి కోసం. ఆ రోజు నాకు ఈ పుస్తకం ఉండి ఉంటే వాడికి కాఫీ పోసేవాణ్నా? గుమ్మంలోనే నిలబెట్టేవాణ్ని."

అంతలో జోలీన్ ఫోను మోగింది. ఆరు కావడానికి పది నిమిషాలుంది. ట్రెంట్.

"ఏం తేల్చుకున్నారు? సీటు పోతుందండీ. సరేనా, కాదా?"

జోలీన్ తండ్రి వైపు చూసింది. ఇరవయ్యారేళ్లుగా ఏ మాట వింటే ఒళ్లు మండేదో, ఆ మాటే నోటికొచ్చింది.

"రూలొప్పుకోదు," అని ఫోను పెట్టేసింది. ఎల్మర్ టైమరు చూసుకున్నాడు. నాలుగు సెకన్లు. ఇన్‌స్పెక్టరుగా ఆయనకది సంతృప్తికరంగా తోచింది.

తర్వాత ఇరవై రోజులూ ఎలా గడిచాయంటే, ముళ్ల మీద కూచున్నట్టే. పంతం పట్టడం వేరు, పట్టిన పంతంతో నిద్రపోవడం వేరు. సీటు నిజంగానే పోయిందేమో, ఎవరూ ఫోన్ చెయ్యరేమో అని జోలీన్ బరువు తగ్గింది. బ్రెన్నా మాత్రం, "ఆరింటిలోపు చెప్పు అనేవాళ్ల దగ్గర నేనెందుకు ఆడాలమ్మా?" అని హాయిగా తిరిగింది. అచ్చం తాత పోలికే.

జూన్ పదిహేను రానే వచ్చింది. అర్ధరాత్రి దాటగానే ఫోన్లు చేసే కోచ్‌లుంటారని తెలిసి, ఎల్మర్ ముందు సాయంత్రమే బ్రెన్నా ఫోను తీసి పిండి డబ్బాలో పెట్టాడు. "పిల్ల నిద్ర గురించి రూలు లేదు. ఇది నా సొంతం," అన్నాడు. పొద్దున్న ఏడింటికి పిండి దులిపి టేబులు మీద పెట్టగానే మోగింది.

"హలో," అంది అవతల నాడీన్ పోల్. హలో దగ్గరే ఆగిపోయింది.

"మాట్లాడండి!" అన్నాడు ఎల్మర్.

"నిజంగానా అండీ? ఎండ గురించి కూడానా?"

"ఎండ గురించి కూడా. బాగా కాస్తోంది."

ఆవిడ తెరిపిన పడి, మొదట ఎండ గురించే మాట్లాడింది. తర్వాత బ్రెన్నాతో చెప్పింది: నాలుగేళ్లకీ పూర్తి స్కాలర్‌షిప్పు, దెబ్బ తగిలినా తీసెయ్యం, తొందర లేదు, నలుగురితోనూ మాట్లాడుకుని చెప్పు. ఎల్మర్ టైమరు తిప్పడం మర్చిపోయాడు.

పావుగంటకి ఇంకో ఫోను. సాక్షాత్తూ స్ట్రిక్ గారే. "బ్రెన్నా, నీ సీటు ఇంకా అట్టే పెట్టానమ్మా. ఈ ఆదివారంలోపు సరే అనాలి మరి."

"పోయిన నెల ఆదివారమన్నారు కదండీ," అంది బ్రెన్నా. "అది ఎప్పుడో అయిపోయింది." వంటింట్లో ఎవరికి వాళ్లు నోరు మూసుకుని నవ్వుకున్నారు. ఫోను పెట్టేసి బ్రెన్నా నాడీన్ కాలేజీ ఎంత దూరమో చూసుకోవడం మొదలుపెట్టింది.

జోలీన్ చెయ్యి చాచి కొలాచీల డబ్బా మూత తీసింది. ఒకటి తీసి సగం కొరికింది. ఎల్మర్ కళ్లు మిగిలిన సగం మీదే ఉన్నాయి.

"గసగసాలు ఎక్కువయ్యాయి," అంది, రెండోది అందుకుంటూ.

ఎల్మర్ ముఖం చాటంతైంది. ధైర్యం వచ్చి, కాస్త ముందుకి వంగాడు. "నాడీన్ గారు అప్పుడు పాపం చప్పిడి దుంపలు తిని వెళ్లారు. ఓ డజను కట్టి పంపించనా?"

"రూలొప్పుకోదు," అంది జోలీన్ నిండు నోటితో.

"ఏ పేజీ?" అన్నాడు ఎల్మర్.