మూడు ఈలల తరువాత

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది, ఎండలు ముదరకముందు, పలమనేరు దగ్గరి ఒక ప్రైవేటు డెయిరీలో నాణ్యత విభాగం సూపర్‌వైజరుగా ఉన్న నాకు ఒక అదనపు బాధ్యత అప్పగించారు. ఉద్యోగుల క్లబ్బు కొత్తగా వేసిన విలువిద్య మైదానానికి నేను ఇన్‌చార్జిని. విల్లు పట్టడం నాకు రాదు. కొలతలు పట్టించుకునే మనిషినని ఆ పని నాకిచ్చారు. నియమాలు పుస్తకంలో చదివి, టేపు పట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను.

ఇన్‌చార్జి పనిముట్టు ఈల. రెండు ఈలలకు విలుకాళ్లు గీత మీదికి రావాలి. ఒక్క ఈలకు బాణాలు వేయాలి. మూడు ఈలలకు విల్లు స్టాండు మీద పెట్టేయాలి. అప్పుడే మనుషులు లక్ష్యాల దగ్గరికి వెళ్లి బాణాలు పీకుతారు. ఈల ఆగకుండా మోగితే ఎక్కడివారక్కడ ఆగిపోవాలి. గురి ఎలా ఉందో తెలియడానికి ఒక్కొక్కరి మూడు బాణాల మధ్య ఎడం కొలిచేవాణ్ని. ప్యాకింగ్ ఫోర్‌మన్ మునిరత్నం బాణాలు ఎప్పుడూ జానెడు లోపలే ఉండేవి.

ఆ ఆదివారం నాయుడుపేట యూనిట్ వాళ్లతో పోటీ. మధ్యాహ్నం బిర్యానీతో పాటు కొందరు బీరు తాగారు. మునిరత్నం గీత దగ్గరికి వచ్చేసరికి నాకు వాసన తెలిసింది. ఆడనివ్వనన్నాను.

"ఒక్క బీరుకి ఏమైతాదప్పా? చెయ్యి వణక్కుండా ఉంటాది, సూడు" అన్నాడు ఆయన.

"సారుకి పాల వాసన తప్ప ఇంకోటి పడదులేన్నా" అని వెనక నుంచి సెల్వం నవ్వాడు. సెల్వం మా బాయిలర్ ఆపరేటర్. ఆ రోజు బాణాలు పీకే పని అతనిది.

క్లబ్బు నియమాల్లో అప్పటికి మద్యం మాట లేదు. ప్లాంటు మేనేజరు మధ్యలోకి వచ్చారు. పాల మీద అనుమానం వస్తే మేము ఒక్క శాంపిల్‌తో తేల్చం, రెండోది తీస్తాం. ఇక్కడా అలాగే చేయమన్నారు. పోటీకి ముందు అందరితో పాటు మునిరత్నానికీ రెండు విడతల సాధన, విడతకు మూడు బాణాలు; అవి ఎలా పడతాయో చూసి ఆయన్ని ఆడనివ్వాలో లేదో తేల్చాలి.

మొదటి విడత మూడూ లక్ష్యం నడిమధ్య పసుపు వలయంలో పడ్డాయి. ఎడం బెత్తెడు కూడా లేదు. "కొల్సుకో సారూ, టేపు తీసి కొల్సుకో!" అని ఎవరో అరిచారు. రెండో విడతలో రెండు బాగానే పడ్డాయి. మూడోది లక్ష్యం దాటి వెనక మట్టికట్టలో దిగింది. మూడు ఈలలు వేశాను. మిగతావాళ్లు విల్లు పెట్టేశారు. సెల్వం లక్ష్యాల వైపు నడిచాడు.

మునిరత్నం మాత్రం తప్పిపోయిన ఆ బాణాన్నే చూస్తూ అంబులపొదిలోంచి ఇంకోటి తీశాడు. నారికి తగిలించి లాగాడు. నేను ఊపిరి ఉన్నంతసేపు ఈల ఊదాను. సెల్వం ఉన్నచోటే నేలకు కరుచుకుని పడుకున్నాడు. మునిరత్నం చెయ్యి అలాగే నిలిచింది. వణకలేదు. తరువాత నారిని మెల్లగా వదులు చేసి, బాణం తీసేసి, విల్లు నా చేతికిచ్చాడు.

"ఈల ఇనపళ్లేదప్పా. నిజంగా ఇనపళ్లేదు."

సెల్వం మట్టి దులుపుకుంటూ వచ్చాడు. "నేను ఆడ ఉండాను కదన్నా. ఇంత పొడుగు మనిషి కనపళ్లేదా?"



మునిరత్నం లేకుండా ఆడి ఓడిపోయాం. నా మీద కోపం వచ్చిన వాళ్లకు మరుసటి రోజు ప్యాకింగ్ షెడ్డులో ఆయనే జవాబు చెప్పాడు: "ఆయప్ప ఊదకపోయింటే ఈ పొద్దు మనమంతా సెల్వం ఇంటికాడ కూర్చోనుంటాము." తాగినవారిని మైదానంలోకి రానివ్వకూడదని నియమం రాయమని మేనేజరును అడిగిందీ ఆయనే. నేను స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా పోటీ రోజుల్లో గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ "ఊదప్పా" అనేవాడు. సెల్వం ఒకసారి ఊది, "రెండో శాంపిల్" అంటూ ఇంకోసారి ఊదేవాడు.

మద్యం మొదట గురిని చెడగొడుతుందని అనుకునేవాణ్ని. ఆ రోజు ఆరు బాణాల్లో ఐదు బాగానే పడ్డాయి. ముందుగా చెడింది చెవి, ఆగాలన్న తెలివి. వాటిని నా టేపు కొలవలేదు. తాగిన మనిషికీ తెలియలేదు. పైగా బాగా పడిన మొదటి మూడు బాణాలే మా అందరి అనుమానాన్నీ తగ్గించాయి. కాబట్టి తాగినవారిని గీత దగ్గర పరీక్షించకూడదు, గేటు దగ్గరే ఆపాలి. ఆ పనిని తన మీద వేసుకున్నందుకు మునిరత్నానికి నేను కృతజ్ఞుణ్ని.