నాన్న పడుగు ఎత్తేసిన వేళ

ఒక విమానం, ఒక పెద్దమనిషి, నా పరువు. ఈ మూడింటినీ ఒకే మధ్యాహ్నం నేలపాలు చేయబోయిన ఘనుణ్ణి నేను. మొదటి రెండూ ఎలా మిగిలాయో చెబుతాను, మూడోదాని సంగతి మీరే తేల్చండి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది. గన్నవరంలో ఒక జమీందారు గారి రెండు సీట్ల విమానం ఉండేది. దాన్ని నడిపే కెప్టెన్ గారు నాకు ఎగరడం నేర్పేవారు. మేలో ఒకరోజు, "రేపు పొద్దున్నే మీ పెడన మీద ఒక చుట్టు తిరిగొద్దామయ్యా" అన్నారు.

"పొద్దున వద్దండి. మా నేతవాళ్ల వీధంతా మగ్గానికెక్కించే నిలువు దారాల పడుగులు పరిచి గంజి పెడుతుంటారు. తడి ఆరేలోగా కుంచెతో దువ్వాలి గదండీ, ఎవరూ తలెత్తరు. పన్నెండింటికైతే అందరూ చూస్తారు."

"ఎండెక్కితే గాలి కుదిపేస్తుంది మరి."

"నేను చూసుకుంటానండి."

ఆయన నవ్వి, "సరే, అదీ నేర్చుకోవలసిందే" అన్నారు.

గుడివాడ దాటేదాకా నా అంత మొనగాడు లేడు. ఆ తర్వాత ఎండిన చేలమీంచి లేచిన వేడిగాలి మమ్మల్ని చేటలో బియ్యంలా చెరిగింది. బెల్టే లేకపోతే విమానం కంటే నేనే ముందు పెడన చేరేవాణ్ణి. ఉన్నట్టుండి నాలుగు తాడిచెట్ల ఎత్తు కిందికి జారాం. నేను రెండు చేతులతో విమానాన్ని తిప్పే కర్రను బిగించి పట్టాను.

మాట్లాడుకునే గొట్టంలోంచి ఆయన గొంతు వినిపించింది. "దాంతో పోట్లాడకయ్యా. వదులుగా పట్టుకో."

"వదిలితే పడిపోతామండి."

"ఇట్లా పట్టుకుంటేనే పడతాం. నాకిచ్చెయ్యి."

ఇద్దామంటే నా వేళ్లు రావడం లేదు. ఒక రెక్క వాలి, కింద ఉండాల్సిన కాలవ నా భుజం పక్కకొచ్చింది. అప్పుడు కూడా ఆయన అరవలేదు. "మీ అమ్మని తలుచుకుని ఒక్కో వేలూ తియ్యి నాయనా" అన్నారు. తీశాను. ఆయన వేగం తగ్గించి, గాలి ఎటు ఊపితే అటు కాస్త ఊగనిచ్చి, పెడన మీద ఒక చుట్టు కూడా తిప్పి గన్నవరంలో దింపారు.

"ప్రయాణం ఎలా సాగింది?" అని జమీందారు గారు అడిగితే, "గాలి కాస్త ఎక్కువగా ఉందండి" అన్నారు. నా పేరే ఎత్తలేదు. ఈ రోజు నేను బతికి ఈ కథ చెబుతున్నానంటే అది ఆయన చలవే. ఆ మాట తలుచుకోకుండా నేను విమానం ఎక్కిన రోజు లేదు.

ఆదివారం ఇంటికెళ్లి, "నన్ను చూశారా నాన్నా?" అని అడిగాను.

"ఎప్పుడొచ్చావురా?"

"బుధవారం పన్నెండింటికి."

"తలుపులేసుకుని పడుకున్నాం. ఎండెక్కి గాలి లేస్తే దారం నిలవదని మేమే పడుగు ఎత్తేస్తాం గదా, నేత ఇంట్లో పుట్టి ఆ వేళప్పుడు ఎట్లా ఎగిరావురా? పొద్దున వచ్చుంటే కుంచె పక్కన పెట్టి వీధంతా చూసేవాళ్లం."

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మా నాన్న పడుగు ఎత్తేసిన తర్వాత నేను నేల విడవను.