పక్కవాళ్ళని అడిగే అత్తయ్య

మా మేనత్త ఎవరి సంగతీ వాళ్ళని అడిగి తెలుసుకోదు. పక్కవాళ్ళని అడుగుతుంది. మీకు తలనొప్పిగా ఉందనుకోండి, మీ ఎదురుగానే నిలబడి మీ పక్కనున్న మనిషితో, "ఈయనకి తల నొప్పిగా ఉందాండీ?" అంటుంది. మీరు అక్కడ ఉన్నా లేనట్టే లెక్క.

మామయ్యని పెళ్ళాడే ముందు ఆయనతో మాట్లాడింది పది నిమిషాలు, ఆయన పక్కింటాయనతో రెండు గంటలు. పుచ్చకాయ కొనాలంటే దాని పక్క కాయని కోయించి చూస్తుంది. దూరం నుంచి ఆవిడ నడక చూడగానే మా వీధి చివర పళ్ళబండి అతను కాయల మీద గోనెపట్టా కప్పేస్తాడు.

"నాకు జ్వరమొస్తే మీ అత్తయ్య థర్మామీటరు నీ నోట్లో పెట్టేలా ఉందే," అని మామయ్య నా దగ్గర వాపోయేవాడు.

అలాంటి మనిషికి అచ్చంగా తగిన ఉద్యోగమే దొరికింది. పిల్లలు లేనివాళ్ళకి వైద్యం చేసే ఆస్పత్రిలో ల్యాబు పెద్ద. తల్లి అండాన్నీ తండ్రి కణాన్నీ కలిపి, తయారైన పిండాల్లో ఏది నిలబడుతుందో తేల్చే పని. నేనూ అక్కడే, ముందు హాల్లో కౌంటరు దగ్గర కూర్చుంటాను. ఆవిడ మేనకోడలినని తెలిశాక నా పరువు సగం పోయింది. మిగతా సగం హాల్లో కూర్చున్న ఆడవాళ్ళ దగ్గర పోయింది.

ఆ హాలు సంగతి చెప్పాలి. ముప్ఫై కుర్చీలు, ముప్ఫై మంది ఆడవాళ్ళు, ఒక్కరూ నోరు విప్పరు. అందరూ ఫోన్లలోకి తల దూర్చి, ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని బిక్కుబిక్కుమంటూ ఉంటారు. అందులోకి మా అత్తయ్య తెల్లకోటుతో దిగుతుంది.

"ఏమ్మా, ఈ పక్కావిడ పొద్దున ఏమైనా తిన్నారా?"

"నాకేం తెలుసు మేడమ్? ఆవిడెవరో నాకు తెలీదు."

"పక్కనే కూర్చుని తెలీదా? కనుక్కుని ఉండండి. గంటలో వస్తా."

నిజంగానే గంటలో వచ్చేది! జవాబు దొరక్కపోతే మళ్ళీ గంటలో వచ్చేది. ఎంక్వైరీ మేడమ్ అని పేరు పెట్టేశారు. ఫిర్యాదులు మాత్రం నా కౌంటరుకి.

"అత్తయ్యా, ఇక్కడ ఎవరి గుట్టు వాళ్ళది. నువ్వు కాస్త ఊరుకుంటావా?" అన్నాను ఒళ్ళు మండి.

"గుట్టెవరడిగారే? తిన్నదా లేదా అని అడిగా," అని చక్కా పోయింది.

ఆ రోజుల్లోనే టైలరమ్మ మూడోసారి వచ్చింది. బట్టలు కుట్టి బతికే మనిషి, భర్త లారీ డ్రైవరు. మూడేళ్ళలో రెండుసార్లు పిండం పెట్టాం, రెండూ నిలవలేదు. ఇంకోసారి సూదులు పొడిపించుకునే ఓపిక లేదు, ఇదే ఆఖరు అని తేల్చి చెప్పేసింది. రెండు పిండాలు మిగిలాయి. ఒకటి గుండ్రంగా, ముద్దుగా ఉంది. రెండోది నలిగిన చొక్కాలా ఉంది. ఒక్కటే పెట్టాలన్నది మా ఆస్పత్రి పద్ధతి.

"సందేహమేముంది, ముద్దుగా ఉన్నదే పెడదాం," అన్నారు డాక్టరు గారు.

"అందం చూసే రెండుసార్లూ పెట్టాం కదండీ," అంది అత్తయ్య. "ఈసారి పక్కవాళ్ళని అడిగాను."

అండం చుట్టూ అంటుకుని కొన్ని కణాలుంటాయి. అండాన్ని తీశాక వాటిని విడదీసి పారేసేవాళ్ళం. అత్తయ్య వాటిని బుల్లి గొట్టాల్లో నంబర్లు వేసి దాచి, యంత్రంలో పెట్టి, ఏ జీన్లు గట్టిగా పనిచేస్తున్నాయో, ఏవి నిద్రపోతున్నాయో చూసింది. నలిగినదాని పక్కవాళ్ళే మంచి మాట చెప్పారట.

"అండాన్ని పెంచింది వాళ్ళేనండీ. దాని సంగతి వాళ్ళకి తెలీదా?"

"వాళ్ళు తప్పు చెబితే?"

"చెప్పొచ్చు. కాదనను. అందం మాత్రం ఇప్పటికే రెండుసార్లు తప్పు చెప్పింది."

డాక్టరు గారు తల పట్టుకుని, టైలరమ్మనే పిలిచి ఇద్దరి మాటా విడమరిచి చెప్పారు. "నేను బట్ట కొనేటప్పుడు పైమెరుపు చూడనండీ, తిరగేసి చూస్తాను. మేడమ్ చెప్పిందే పెట్టండి," అంది ఆవిడ.

ఇక పదిహేను రోజుల తర్వాత రక్తపరీక్ష. ఆ ఉదయం టైలరమ్మ ఒక్కతే వచ్చింది. భర్త లోడుతో ఎక్కడో దారిలో ఉన్నాడు. పాపం, చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది.

పది దాటేసరికి ఒక్కొక్కరే ఎనిమిది మంది ఆడవాళ్ళు వచ్చి ఆవిడ చుట్టూ కూర్చున్నారు. రిజిస్టరు తిరగేశాను. ఒక్కరి పేరూ లేదు.

"మీకెవరికీ ఇవాళ అపాయింట్‌మెంటు లేదే?" అన్నాను.

"ఉంటేనే రావాలా?" అంది వాళ్ళలో ఒకావిడ, లెక్కల టీచరు. "ఈవిడ తిన్నదో లేదో ఆరు నెలలుగా మీ మేడమ్‌కి జవాబు చెప్పీ చెప్పీ, చెప్పకపోతే నాకే తోచడం లేదు."

నేను తిన్నగా ల్యాబు తలుపు దగ్గరికి పోయి అత్తయ్యని బయటికి లాగాను.

"ఆ ప్రశ్నలన్నీ కావాలనే అడిగావు కదూ?"

"మరేం చెయ్యమంటావే? నా యంత్రం చెప్పేది అంచనాయే. తప్పిందే అనుకో, ఆవిడ ఒక్కతే బస్సెక్కి ఇంటికి పోవాలా? పక్కన ఎవరో ఒకరు ఉండొద్దూ?" అంది విసుగ్గా.

ఇన్నాళ్ళూ ఈ మనిషిని చూసి సిగ్గుపడినందుకు నా మీద నాకే సిగ్గేసింది.

ఇంతలో రిపోర్టు కవరు వచ్చింది. తీసుకెళ్ళి టైలరమ్మ చేతిలో పెట్టాను. సూదిలో దారం ఎక్కించే వేళ్ళు, కవరు చింపలేకపోయాయి. "నా వల్ల కాదక్కా, నువ్వే చూడు," అని టీచరుకి ఇచ్చేసింది.

టీచరు కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. మాకు ప్రాణాలు పోతున్నాయి.

"పాసయ్యావే!" అని అరిచింది, ముప్ఫై కుర్చీలూ ఉలిక్కిపడేలా.

ఎనిమిది మందీ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. మధ్యలో టైలరమ్మ నవ్వుతోంది. మూడేళ్ళుగా ఆ మనిషిని కౌంటరు వెనక నుంచి చూస్తున్నానన్న మాటేగానీ, నవ్వితే ఆవిడ ఎడమబుగ్గ మీద సొట్ట పడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.