142857 కనిపెట్టిన ఈరమ్మ

ఇవాళ మా పాప ఫోనులో 142857ను రెండుతో, మూడుతో గుణించి, "అవే అంకెలు తిరుగుతాండాయి నాయనా!" అని ఎగిరింది.

మన ఈడు వాళ్లకు గుర్తుందా, తడి పలక మీద బలపం వాసన? కోసిగి బడిలో ఒకటిని ఏడుతో భాగిస్తూ పోయి ఈ సంఖ్యను పట్టుకున్నది నా పక్కన కూర్చునే ఈరమ్మ. దీన్ని ఏడుతో గుణిస్తే అన్నీ తొమ్మిదులే వస్తాయని కూడా తనే చూపించింది.

"ఎవరు కనిపెట్టినారప్పా?" అని సారు అడిగితే, "నేనే సార్" అన్నాను. సారు నా వీపు తట్టారు.

"ఎందుకట్ల చెప్పినావు?" అని ఈరమ్మ బయటికొచ్చాక అడిగింది. ఆ వారమే వాళ్లింట్లో అందరూ మిరప కోతలకు వలస పోయారు. ఆమె మళ్లీ బడికి రాలేదు.

పాపకు ఇదంతా చెప్పాను.

"ఆమె ఇప్పుడు యాడుండాది నాయనా?"

తెలియదు. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా వెతకలేదు.