నీలం వైరు కింద పగులు

1999 ఫిబ్రవరి 6, శనివారం. స్థలం: చల్లపల్లి దాటాక కాలవ గట్టు రోడ్డు. ఉన్నవారు: నేను, మా బావమరిది, రెండు సైకిళ్ళు. వాటిలో ఒకదానికి ఒంట్లో బాగాలేదు.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. మొన్న దాన్ని మళ్ళీ బయటికి తీయడానికి కారణం, భవానీపురంలో మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఉండే పక్క ఫ్లాటాయన కారు. కొని ఏడాది దాటింది, సీట్లకి షోరూములో వేసిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. "తీస్తే మాసిపోతాయి కదండీ" అన్నారు. నాకు నవ్వొచ్చింది. అలా నవ్వే హక్కు నాకు లేదని మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది.

నేనూ అదే బాపతు మనిషిని. సైకిల్ కొన్న నెలలోనే, మా ఆవిడ బుట్టలు అల్లగా మిగిలిన నీలం ప్లాస్టిక్ వైరు తీసుకుని, పెయింటు మీద గీత పడకుండా ఫ్రేము గొట్టాలన్నిటికీ చుట్టేశాను. ఆ రోజుల్లో చాలామంది చుట్టేవారు గానీ, చుట్టుకీ చుట్టుకీ మధ్య వెంట్రుక దూరనంత బిగువుగా చుట్టింది మాత్రం నేనే. రెండు ఆదివారాలు పట్టిందని డైరీలో ఉంది.

ఇక టూరు సంగతి. విజయవాడ నుంచి ఏలూరు, కైకలూరు, బందరు మీదుగా హంసలదీవి వెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసే చోట ముందు చక్రం తడిపి, కరకట్ట వెంట ఇంటికి రావాలి. అంతకు ముందు ఏడాది ఇదే దారిన బయల్దేరి, మోకాలు వాచి, సైకిల్ని బస్సు టాపు మీద వేసుకుని తిరిగొచ్చాను. ఆఫీసులో ఏడాదంతా ఒకటే పాట: "టాపు మీద టూరు ఎలా జరిగింది సార్?" టీ తెచ్చే మనిషి కూడా అడిగాడు. అందుకని ఈసారి ఏం జరిగినా సరే, నా సైకిల్ బస్సెక్కదని ఇంట్లో అందరి ముందూ చెప్పి మరీ బయల్దేరాను.

ఐదో రోజు మధ్యాహ్నం, చల్లపల్లి దాటి కాలవ పక్కన వెళుతుంటే, ముందు చక్రం ఒకవైపూ నేనొకవైపూ పోతున్నట్టు అనిపించింది. దిగి చూస్తే ఏమీ కనిపించలేదు. మా బావమరిది వంగి, హ్యాండిల్ మెడ దగ్గర కింది గొట్టాన్ని పట్టుకుని ఊపాడు. వైరు చుట్ల మధ్య సందు తెరుచుకుని మూసుకుంది.

"బావా, ఇది నోరు తెరుస్తోంది" అన్నాడు.

చాకుతో వైరు కోశాం. మెరిసే నల్ల పెయింటు మీద, గొట్టం చుట్టూ ముప్పాతిక వంతు పగులు. "ఇంకో మైలు తొక్కి ఉంటే హ్యాండిల్ నీ చేతిలో ఉండేది, నువ్వు కాలవలో ఉండేవాడివి" అన్నాడు.

అప్పుడే అవనిగడ్డ బస్సొచ్చి, మమ్మల్ని చూసి ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "ఎక్కించండి సార్, టాపు మీద తాళ్ళు కూడా ఉన్నాయి" అన్నాడు. మా బావమరిది నా మొహంలోకి చూశాడు. వద్దన్నాను. బస్సు పోయిన దుమ్ములో నిలబడి వాడు, "పంతం నీది, నడక ఇద్దరిదీనా?" అన్నాడు. చల్లపల్లి దగ్గరే, కానీ వెనక్కి నడవడం నాకు ఇష్టం లేదు. సైకిల్ని నడిపించుకుంటూ మోపిదేవి చేరాం.

ట్రాక్టరు ట్రాలీలు వెల్డింగు చేసే కుర్రాడు గొట్టం చూసి, "కరెంటు పెడితే చిల్లు పడుద్దండీ. సాయిబు గారు ఇత్తడితో అతుకుతారు, అక్కడికెళ్ళండి" అన్నాడు. సాయిబు గారు పొలాల్లో మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసే పెద్దాయన. కళ్ళజోడు నుదుటి మీద నుంచి దింపి, పగులు మీద గోరుతో గీశారు.

"ఎన్నాళ్ళ నుంచి అరుస్తోంది ఇది?"

నాకు తగిన ప్రశ్న. డైరీ తీసి చదివాను: "బుధవారం, కిర్రుమని శబ్దం, సీటు స్ప్రింగుకి నూనె వేశాను. గురువారం, శబ్దం ఎక్కువైంది, చైనుకి నూనె. శుక్రవారం, వదులైన వైరు బిగించి చుట్టాను, శబ్దం తగ్గింది."

సాయిబు గారు నవ్వలేదు. "పాపం, మూడు రోజులు చెప్పింది. మీరు మూడు రోజులూ రాసుకున్నారు. ఒక్కరోజు విప్పి చూడాల్సింది సార్" అన్నారు. ఆ తర్వాత, "బస్సులో తీసుకెళ్ళి కొత్త ఫ్రేము వేయించుకోండి, అదే మంచిది" అని కూడా అన్నారు. టాపు మీద టూరు కథ చెప్పాను. అప్పుడు నవ్వారు. నవ్వుతూనే ఆకురాయి చేతిలోకి తీసుకున్నారు.

పగులు ఇంకా పాకకుండా దాని రెండు కొసల్లోనూ సన్నని చిల్లులు వేశారు. ఇనుము తెల్లగా తేలేదాకా పెయింటు గీకారు. దానిమీద గొట్టం ముక్కని చీల్చి పట్టీలా తొడిగి, ఇత్తడి బాగా అంటుకోవడానికి వెలిగారం చల్లి, మంటలో ఎర్రబడ్డాక ఇత్తడి కడ్డీ తాకించారు. ఇత్తడి కరిగి, తేనెలా ఆ సందుల్లోకి దిగిపోయింది. నీళ్ళు పోద్దామని చెంబు ఎత్తబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు. "దానంతటది చల్లారాలి. రేపు పొద్దుటిదాకా ఎక్కొద్దు. దీనికి రంగు వెయ్యొద్దు, ఏమీ చుట్టొద్దు. రోజూ చూసుకోండి" అన్నారు. సైకిల్ని ఆయన కొట్లోనే వదిలి, సత్రానికి వెళ్ళాం.

మర్నాడు, ఆదివారం, పొద్దున్నే వెళ్ళాం. సాయిబు గారు మా బావమరిదిని పైనుంచి కిందికి చూసి, "మీరు ఎక్కండి. బరువైనవారు" అన్నారు. "టెస్టింగుకి బియ్యం బస్తా దొరకలేదా సాయిబు గారూ!" అంటూనే వాడు ఎక్కి, వీధి చివరిదాకా గుంతలన్నీ వెతికి మరీ తొక్కొచ్చాడు. గొట్టం కిర్రుమనలేదు. ఎక్కబోయే ముందు వంగి, ఆ పసుపుపచ్చ పట్టీ చుట్టూ చూసి, డైరీలో రాశాను: "చూశాను. బాగుంది." పదకొండు కొట్టకముందే హంసలదీవి ఇసకలో సైకిళ్ళు తోసుకుంటూ వెళ్ళి ముందు చక్రాలు సముద్రంలో పెట్టాం. "టాపు మీద కెరటం పడలేదు కదా సార్?" అన్నాడు మా బావమరిది, మా ఆఫీసు వాళ్ళ గొంతుతో.

బస్సెక్కకుండానే ఇంటికొచ్చిన ఆ సైకిల్ ఇప్పుడు సెల్లారులో పక్క ఫ్లాటాయన కారు పక్కనే ఉంది. ఫ్రేము తుప్పు పట్టింది, ఇత్తడి పట్టలేదు. నా డైరీలు ఆ టూరుకి ఇరవై ఏళ్ళ ముందు నుంచీ ఉన్నాయి. వంగి చూసిన పొద్దులు మాత్రం ఆ ఆదివారం నుంచే ఉన్నాయి.