ఇంకొక్కసారి విప్పితే

మా మావయ్యగారు పోయారని ఏలూరు నుంచి ఫోను వచ్చేటప్పటికి, మా ఫ్రిజ్‌లో, పాలపాకెట్ల పైన ఫ్రీజరులో, ఆయన పెట్టిన బేరింగులు చల్లబడుతున్నాయి. బాగా చల్లబడితే అవి వెంట్రుకవాసి సన్నబడతాయట, అప్పుడు ఇంజను గూట్లోకి సులువుగా దిగుతాయట. పొద్దున బస్సెక్కబోతూ, "అమ్మాయ్, వాటిని కదపకు. సాయంత్రం వచ్చి బిగించేత్తాను" అని చెప్పి వెళ్ళారు. లోపలి గోడ చెక్కి నునుపు చెయ్యడానికి ఇచ్చిన ఇంజను సిలిండరును లేతు షాపులో తీసుకుని బస్టాండుకు తిరిగి వచ్చేసరికి గుండెనొప్పి వచ్చింది. ఎవరో పుణ్యాత్ములు ఆస్పత్రిలో చేర్చారు గానీ, మధ్యాహ్నం దాటలేదు. ఆయనా, ఆయన తుండుగుడ్డలో చుట్టుకున్న సిలిండరూ ఒకే అంబులెన్సులో ఇంటికి వచ్చారు. అంత దుఃఖంలోనూ నాకు ముందు వచ్చింది కోపమే. ఇప్పుడు ఆ బేరింగులను నేనేం చేసుకోవాలండీ?

నేను ఆయన కోడలిని. గణపవరం దగ్గర మా ఊరు. కొల్లేరు వైపు వెళ్ళే దారిలో, మురుగుకాలవ అవతలి ఊళ్ళో చిన్న బడికి టీచరును. మా పొలం చేపల చెరువుకి లీజుకిచ్చాక మావయ్యగారికి చెయ్యడానికి పని లేకుండా పోయింది. పొద్దున్నే వెళ్ళి చూసుకోవడానికి వరి లేదు, కబుర్లు చెప్పుకోవడానికి అత్తయ్యగారు లేరు. అలాంటప్పుడు మగవాళ్ళు పేకాడతారు, లేదా రాజకీయాలు మాట్లాడతారు. ఈయన తాడేపల్లిగూడెం వెళ్ళి, పాత ఇనుము కొట్టు వెనకాల పడి ఉన్న మూడు చక్రాల బండిని కొనుక్కొచ్చారు. ఇప్పటి ఆటో లాంటిది కాదు, నేను పుట్టకముందుది. డ్రైవరు సీటు కింద టూ స్ట్రోక్ ఇంజను, ఒంటినిండా మందపాటి రేకు. "అప్పటి ఇనవే వేరమ్మా" అని దాన్ని తట్టి మురిసిపోయేవారు. ఆ ఇనుము బరువే మా ప్రాణాల మీదికి వచ్చింది.

నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో కాస్త రభస అయింది. బస్సు లేని ఊరికి ఆడపిల్ల ఒక్కతీ ఎలా వెళ్ళొస్తుందని బంధువులందరూ దీర్ఘాలు తీశారు. మావారు ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల మేత కంపెనీలో చేస్తారు, ఆయన దారి వేరు. మావయ్యగారు అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండానే, "నేను దింపుతానండి. ఎళ్ళనివ్వండి" అన్నారు. ఆ ఒక్క మాట వల్ల నాకు ఉద్యోగం దక్కింది. ఆ మాటే నన్ను ఏళ్ళ తరబడి ఎంత ఏడిపించిందో కూడా చెప్పాలి.

మా డెల్టా సంగతి మీకు తెలుసు. నీళ్ళు కూడా ఎటు పోవాలో ఆలోచించుకుని గానీ పోవు, అంత చదును. మా ఇంటికీ బడికీ మధ్య ఉన్న ఎత్తల్లా ఒక్కటే, కాలవ మీద కొత్తగా కట్టిన వంతెన. దాన్ని ఎందుకో ఆకాశానికి నిచ్చెన వేసినట్టు కట్టారు. మావయ్యగారు ఒక్కరే ఉంటే బండి మూలుగుతూ ఎక్కేది. వెనక నేను కూడా కూర్చుంటే సగంలో ఆగిపోయేది. నేను దిగాలి, గంజిపెట్టిన చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వెనక నుంచి తొయ్యాలి. మా పిల్లల తల్లిదండ్రులంతా ఆ వంతెన మీదే ఎదురయ్యేవారు. "నమస్కారం టీచరుగారూ" అంటూ వెళ్ళేవారు. తోస్తున్న చేతులతో నమస్కారం ఎలా పెట్టను? కొన్నాళ్ళకి విసిగిపోయి, వంతెన మొదట్లోనే దిగి నడిచి దాటడం అలవాటు చేసుకున్నాను. ఆయన ఒక్కరే బండి ఎక్కించి, అవతల దిగాక నాకోసం ఆగేవారు.

ఒకరోజు వంతెన దగ్గర టీకొట్టు ఆయన, "ఏవండీ, రోజూ కోడలుగారిని నడిపిత్తన్నారేంటండీ?" అని నవ్వుతూ అన్నాడు. ఆయన సరదాకే అన్నాడు. మావయ్యగారు మాత్రం ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు ఆదివారం. నేను లేచేసరికి ఇంజను ముక్కలు ముక్కలుగా అరుగు మీద ఉంది. "నిన్ను కూచోబెట్టే ఆ వంతెన ఎక్కిత్తాను చూడు" అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో ఇల్లు తక్కువ, వర్క్‌షాపు ఎక్కువ.

మొదట పెద్ద పిస్టను వేశారు. దానికి పిన్ను దిగాలంటే పిస్టను వేడెక్కాలట. నేను ఇడ్లీ గిన్నె మూత తీస్తే లోపల పిస్టను కుతకుతలాడుతోంది.

"ఏంటండీ మావయ్యగారూ ఇది?"

"ఇంకో ఐదు నిమిషాలుంచమ్మా. గిన్నె నేను తోమేత్తాలే."

తోమారు కూడా, పాపం. అయినా ఆ ఏడాదంతా మా ఇడ్లీలకు గ్యారేజీ వాసన పోలేదు. కొత్త పిస్టను కుదురుకునేదాకా బండిని నెమ్మదిగా తోలాలని తాడేపల్లిగూడెం మెకానిక్కు చెప్పి పంపాడట. ఈయన రెండో రోజే వంతెన మీదికి ఉరికించారు. ఇంజను బిగుసుకుపోయి పట్టేసింది.

తర్వాత, సిలిండరులో పొగ బయటికి పోయే కంతను ఆకురాయితో అరగదీసి పెద్దది చేశారు. ఆ ఇనుపరజను అంతా నేను ఆరబెట్టిన వడియాల మీద పడింది. బండి మాత్రం చదును రోడ్డు మీద రివ్వున పోయింది, నా జడ గాలికి లేచింది. వంతెన దగ్గరికి వెళ్ళేసరికి ఇదివరకటికన్నా ముందే ఆగింది. మెకానిక్కు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "పరుగు పెరిగిందండీ, లాగుడు పోయిందండీ. మీకు కావాల్సింది లాగుడు కదండీ?" అన్నాడు. మావయ్యగారు మాత్రం, "ఇంకొక్కసారి విప్పితే అయిపోద్ది" అన్నారు.

ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది. ఇంకొక్కసారి విప్పి సైలెన్సరు మార్చారు. ఆ మోతకి చెరువుల మీది కొంగలన్నీ లేచిపోయాయి. రొయ్యలు మేత ముట్టడం లేదని పక్క చెరువు రైతు మా గుమ్మంలోకి వచ్చి దెబ్బలాడాడు. మావారు స్కూటీ కొనిపెడతానన్నారు. మావయ్యగారు వద్దనలేదు. మా ఇద్దరితోనూ మాట్లాడడం మానేశారు, అంతే. చివరికి నేనే వెళ్ళి, "స్కూటీ వద్దులెండి, మీరే దింపండి" అని బతిమాలుకున్నాను. "బిగించడం ఎవడైనా బిగిత్తాడమ్మా, విప్పడం తెలియాలి" అని వెంటనే రెంచీ తీశారు.

ఇంత విసిగించిన మనిషి, వానాకాలంలో పరదా పట్టా అంతా నా వైపు కట్టి తను తడిసేవారు. నేను పాఠం చెబుతుంటే బడి వసారాలో కూర్చుని వినేవారు. ఏ పిల్లాడికి ఎక్కాలు రావో ఆయనకీ తెలుసు. దారిలో వాళ్ళ సంగతులే అడిగేవారు. నా బడి గురించి మా ఇంట్లో అంతగా అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. చెరువు గట్టు మీద నాకు బండి తోలడం నేర్పింది కూడా ఆయనే. "నువ్వు తోలు, నేను వెనక కూచుని చప్పుడు వింటాను" అని, కళ్ళు మూసుకుని తల ఒక పక్కకి వాల్చి వినేవారు. చెప్పొద్దూ, అప్పుడు ఆయన మొహం చూస్తే నాకు ముచ్చటేసేది.

ఈ చివరిసారి మాత్రం అన్నీ ఆలోచించి చేశారు. పాత కొలతల సిలిండరు సంపాదించారు. సిలిండరు మీద మూతలా ఉండే హెడ్డును ఒక పొర చెక్కించారు. చక్రాలకు పోయే పళ్ళచక్రాన్ని లాగుడు పెరిగేలా మార్పించారు. మెకానిక్కు కూడా ఇది ఎక్కుతుందనే అన్నాడు. బిగించడమే మిగిలింది. సరిగ్గా అప్పుడు వెళ్ళిపోయారు మహానుభావుడు.

పెద్దకర్మ అయ్యాక ఆ ముక్కలను పాత ఇనుముకి ఇచ్చేద్దామన్నారు మావారు. నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. నా ఇడ్లీ గిన్నె, నా వడియాలు, నా చీరలు పోసి చేసిన ఇంజను అది. మెకానిక్కును పిలిపించాను. ఆయన బిగిస్తుంటే పక్కన కూర్చుని ఏ డబ్బాలో ఏముందో నేనే అందించాను. ఫ్రీజరులో బేరింగులు మంచు పట్టి ఉన్నాయి. అవి గూట్లోకి నిజంగానే సులువుగా దిగాయి.

సోమవారం నేనే బండి తీశాను. వంతెన వచ్చింది. గేరు తగ్గించాను. ఇంజను ఊపిరి బిగపట్టి, ఎక్కడా తడబడకుండా పైకి లాగేసింది. "మావయ్యగారూ, ఎక్కేసిందండీ!" అని గట్టిగా అరిచాను. అవతలి వైపు దిగుతుండగా గానీ నాకు తట్టలేదు. బండిలో ఉన్నది ఒక్క మనిషి. ఒక్క మనిషితో ఇది ఎప్పుడూ ఎక్కేది. ఇద్దరం కూర్చుంటేనే తేలే సంగతి ఇది.

సాయంత్రం మావారికి చెబితే, "దానికేముంది, రేపు వెనక నేను కూచుంటాను" అన్నారు. వద్దన్నాను. మావారు వాళ్ళ నాన్నగారికన్నా బరువు. బండి ఆగిపోతే ఆ మాట మావయ్యగారికి వస్తుంది. నేను రానివ్వను.

ఇప్పుడు రోజూ ఆ బండి మీదే బడికి వెళుతున్నాను. వంతెన దిగాక, ఇదివరకు మావయ్యగారు నాకోసం ఆగే చోట, నేనూ ఒక్క నిమిషం ఆగుతాను. ఆపితే మళ్ళీ స్టార్టవదని ఆయన ఇంజను ఆపేవారు కాదు, నేనూ ఆపను. వెనక్కి తిరిగి చూస్తాను. సైకిళ్ళు దిగుతుంటాయి, చేపల లారీలు దిగుతుంటాయి. నడిచి మాత్రం ఎవరూ రారు.